ముఖమే ముద్రిక

తరగతి గదిలో అధ్యాపకుడు హాజరు పట్టీ తెరిచి సంఖ్యలు పిలుస్తుంటాడు. ముప్ఫై నాలుగు అనగానే వెనుక బల్ల నుండి ఒక గొంతు ‘ప్రజెంట్ సార్’ అంటుంది. ఆ గొంతు ముప్ఫై నాలుగవ సంఖ్య గల విద్యార్థిదేనా, అతని మిత్రునిదా అన్నది అధ్యాపకుని చెవి మాత్రమే తేల్చగలదు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చెవి సాధారణంగా మోసపోదు. ఒక్కొక్కప్పుడు తెలిసీ ఊరుకుంటుంది. హాజరు అనే వ్యవహారంలోని చిక్కంతా ఈ చిన్న సన్నివేశంలోనే ఉన్నది. పలికినవాడు ఎవడు? అతడు నిజంగా ఇక్కడే ఉన్నాడా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే పనిని మనిషి చేతి నుండి తీసి యంత్రానికి అప్పగించే ప్రయత్నం నూట ముప్ఫై ఏళ్ళకు పైగా సాగుతున్నది. ఆ ప్రయాణంలో నేటి మజిలీ మన జేబులోని స్మార్ట్‌ఫోను.

‘హాజరు’ అన్న మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. ‘గైరుహాజరు’ దాని వెంటే వచ్చింది. ‘మస్టరు’ ఆంగ్లం నుండి వచ్చింది. సైనికులను వరుసగా నిలిపి లెక్కించడం దాని పాత అర్థాలలో ఒకటి. ఈ మాటలన్నీ పాలనతోపాటు, కచేరీలతోపాటు మన భాషలో ప్రవేశించినవే. లెక్కించేవాడు ఒకడు, లెక్కకు నిలబడేవాడు మరొకడు అన్న భేదం ఆ మాటల పుట్టుకలోనే ఉన్నది.

1888లో అమెరికాలోని ఆబర్న్ పట్టణంలో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి ఉద్యోగుల రాకపోకల వేళలను కాగితంపై ముద్రించే గడియారాన్ని రూపొందించాడు. ప్రతి పనివానికీ సంఖ్య చెక్కిన ఒక తాళంచెవి ఇచ్చేవారు. దానిని గడియారంలో పెట్టి తిప్పితే సంఖ్య, వేళ అచ్చుపడేవి. ఆ గడియారాల వ్యాపారం చేతులు మారి, ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు ధరించిన సంస్థలో భాగమయింది. కంప్యూటరు యుగానికి పేరుమోసిన సంస్థ మూలాలలో ఒకటి హాజరు గడియారం కావడం గమనింపదగిన విషయం. అయితే ఆ గడియారానికి తెలిసినది తాళంచెవి మాత్రమే, మనిషి కాదు. చెవి ఎవరి చేతిలో ఉంటే వాడే ఆ ఉద్యోగి.

ఇది మన సాహిత్యానికి కొత్త సమస్య కాదు. కాళిదాసు నాటకంలో శకుంతల ఎదురుగా నిలిచినా దుష్యంతుడు ఆమెను గుర్తింపలేదు. చేప కడుపులో దొరికిన ఉంగరాన్ని చూసిన తరువాతనే అతనికి జ్ఞాపకం వచ్చింది. (భారతకథలో ఉంగరం ప్రసక్తి లేదు, అది కాళిదాసు కల్పన.) ఆ నాటకం పేరులోని ‘అభిజ్ఞానం’ అంటే ఆనవాలు అనే అర్థం. ముఖాన్ని మరచినవాడు ముద్రికను నమ్మాడు. మెడలో వేలాడే ఐడీ కార్డు ఆ ముద్రికకు వారసురాలే.

అటువంటి కార్డులను వేల సంఖ్యలో చూడాలంటే ఉదయం తొమ్మిది గంటలకు మాదాపూర్ వెళ్ళాలి. ఒకప్పుడు రాళ్ళగుట్టలు తప్ప మరేమీ లేని ఆ ప్రాంతంలో 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ‘హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ’ అనే పొడవైన పేరులోని తొలి అక్షరాల కూర్పే హైటెక్ సిటీ. తరువాతి కాలంలో కార్యాలయాలు కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం వరకు విస్తరించాయి. 2019లో మెట్రో రైలు వచ్చింది. రైలు దిగిన యువతీయువకుల మెడలలో రంగురంగుల పట్టీలు, వాటి చివర కార్డులు. కార్డులో ఒక సన్నని తీగచుట్ట, ఒక చిప్పు ఉంటాయి, బ్యాటరీ ఉండదు. ద్వారం వద్ద ఉన్న పరికరం వెదజల్లే అయస్కాంత క్షేత్రమే ఆ చిప్పును క్షణకాలం మేల్కొలుపుతుంది. చిప్పు తన సంఖ్య చెబుతుంది, తలుపు తెరుచుకుంటుంది. వచ్చినది కార్డు అని మాత్రమే పరికరానికి తెలుసు. ఒకరు తలుపు తెరిచినప్పుడు వెనుకనే ఇద్దరు దూరినా, మిత్రుని కార్డును మరొకరు తాకించినా దానికి పట్టదు.

కార్డును కాక శరీరాన్నే గుర్తుగా తీసుకోవాలన్న ఆలోచనకు మన దేశంలోనే పునాది పడింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక ఒప్పందపత్రం మీద సంతకానికి తోడు అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతిని తీర్చిదిద్దడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే భారతీయుల కృషి గొప్పది; పేరు మాత్రం చాలాకాలం వారి పై అధికారికి దక్కింది. 2010లో ఆధార్ సంఖ్యల జారీ మొదలయిన తరువాత వేలిముద్ర ఇంటింటి విషయమయింది. 2014లో కేంద్రప్రభుత్వ కార్యాలయాలలో ఆధార్ ఆధారిత హాజరు ప్రవేశించింది.

వేలిముద్రకూ లోపాలు ఉన్నాయి. సిమెంటు కలిపే చేతులకు, సున్నంలోనూ సబ్బునీటిలోనూ నానే చేతులకు గీతలు అరిగిపోతాయి. నకలు తీయడమూ సాధ్యమే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక వ్యక్తి భూముల రిజిస్ట్రేషన్ పత్రాలలోని వేలిముద్రల నుండి రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర సిమ్ కార్డులు తీసుకున్న ఉదంతం బయటపడింది. చివరికి 2020 మార్చిలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు అందరూ తాకే పరికరమే ప్రమాదకరమయింది. కార్యాలయాలు వేలిముద్ర యంత్రాలను పక్కన పెట్టాయి. తాకకుండా గుర్తించే ఉపాయం కావలసివచ్చింది. ఆ ఉపాయానికి కావలసిన కెమెరా, రేడియో, అంతర్జాలం మూడూ అప్పటికే ప్రతి ఉద్యోగి జేబులో ఉన్నాయి.

మొదట ‘ఇక్కడ ఉన్నాడా’ అన్న ప్రశ్నను పరిశీలిద్దాం. ఫోనులోని జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను బట్టి స్థానాన్ని లెక్కిస్తుంది. పటం మీద కార్యాలయం చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపలికి వచ్చినప్పుడే హాజరు పడేటట్లు చేయవచ్చు. లక్ష్మణరేఖ వంటి ఈ గీత ఆరుబయట బాగానే పనిచేస్తుంది; అక్కడ సాధారణంగా ఎదురయ్యే పొరపాటు అయిదు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కాంక్రీటు కప్పు కింద, అద్దాల గోడల మధ్య ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది. అంతకన్న ముఖ్యంగా, హైటెక్ సిటీలో ఒకే భవనంలో అంతస్తుకొక సంస్థ ఉంటుంది. నాలుగవ అంతస్తులో ఉన్నవానికీ తొమ్మిదవ అంతస్తులో ఉన్నవానికీ పటం మీద చుక్క ఒకటే. పైగా ఫోనుకు తప్పుడు స్థానం చెప్పే యాప్‌లు ఉన్నాయి.

ఈ కొరతను తీర్చడానికి వచ్చినదే బ్లూటూత్ బీకన్. అగ్గిపెట్టెకన్న పెద్దది కాని ఈ పరికరాన్ని గోడకో పైకప్పుకో అతికిస్తారు. అది తన సంఖ్యను సెకనుకు కొన్నిసార్లు రేడియో తరంగాలలో ప్రకటిస్తూ ఉంటుంది. 2010లో వెలువడిన బ్లూటూత్ నాలుగవ రూపం అతితక్కువ విద్యుత్తుతో పనిచేయడం వల్ల చిన్న బ్యాటరీతోనే బీకన్ నెలల తరబడి నడుస్తుంది. విద్యార్థులు సాధారణంగా పొరపడే అంశం ఒకటి ఇక్కడ ఉన్నది. బీకన్ ఎవరినీ చూడదు, ఎవరినీ వినదు. అది గుడిగంట వంటిది. గంట విన్నవానికి తాను గుడి దగ్గర ఉన్నట్లు తెలుస్తుంది. ఎవరు విన్నారో గంటకు తెలియదు. వినేది ఫోను. ‘ఫలానా సంఖ్య గల గంట నాకు ఇంత బిగ్గరగా వినిపించింది’ అని సంస్థ సర్వరుకు చెప్పేది కూడా ఫోనే.

ఎంత బిగ్గరగా వినిపించిందన్న దానిని బట్టి దూరాన్ని అంచనా వేస్తారు. దూరం పెరిగిన కొద్దీ సంకేతం క్షీణిస్తుంది. కాని ఈ అంచనాను కొలబద్దగా భావించరాదు. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది. మనిషి శరీరంలో అధికభాగం నీరే. ఫోను చొక్కాజేబులో ఉండి మనిషి బీకన్‌కు వీపు పెట్టి నిలబడితే, రెండడుగుల దూరం ఎన్నో అడుగులుగా కనిపించవచ్చు. కనుక ఈ వ్యవస్థలు కచ్చితమైన దూరం చెప్పక, చేరువ, దూరం అన్న స్థూల విభజనతో సరిపెట్టుకుంటాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్యసేతు యాప్ రోగికి చేరువగా వచ్చినవారిని గుర్తించడానికి బ్లూటూత్ పద్ధతినే ఆశ్రయించింది. బీకన్ ఎప్పుడూ ఒకే సంఖ్య పలుకుతుంటే ఎవరైనా దానిని నమోదుచేసుకుని ఇంట్లో కూర్చుని వినిపించవచ్చు. అందుచేత జాగ్రత్త గల సంస్థలు ఆ సంఖ్యను తరచు మార్చే బీకన్‌లను వాడతాయి.

ఇక ‘ఎవడు’ అన్న ప్రశ్న. కెమెరా తీసిన చిత్రంలో ముఖం ఎక్కడ ఉన్నదో ముందు వెదకుతారు. కన్నులు, ముక్కు, పెదవుల కొనలు గుర్తించి, తల వాలినా సరిచేస్తారు. తరువాత కృత్రిమ నాడీజాలం అనే గణనపద్ధతి ఆ ముఖాన్ని ఒక సంఖ్యల వరుసగా మారుస్తుంది. 2015లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన పద్ధతిలో ఒక ముఖానికి 128 సంఖ్యలు. ఒకే మనిషి చిత్రాలు రెండు తీస్తే ఆ వరుసలు దగ్గరగా, వేరువేరు మనుషులవైతే దూరంగా ఉండేటట్లు నాడీజాలానికి లక్షలాది చిత్రాలతో శిక్షణ ఇస్తారు. ఉద్యోగంలో చేరిన రోజున తీసిన వరుసతో నేటి వరుసను పోల్చి, భేదం నిర్ణీత హద్దులోపల ఉంటే హాజరు వేస్తారు.

ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నదే అసలు కీలకం. హద్దు సడలిస్తే పరాయివాడు లోనికి వస్తాడు. బిగిస్తే సొంతవాడు బయట నిలబడతాడు. రెండు పొరపాట్లనూ ఒకేసారి పూర్తిగా తొలగించే హద్దు లేదు. ఏ పొరపాటును సహించాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం గణితంలో జరగదు, సంస్థ యాజమాన్యం గదిలో జరుగుతుంది. మరొక భేదమూ ఉన్నది. ఫోను ముందు నిలబడినప్పుడు యంత్రం అడిగేది ‘నీవు నీవేనా’ అని, పోలిక ఒక్కరితోనే. ద్వారం మీది కెమెరా అడిగేది ‘ఈ అయిదువేల మందిలో నీవెవరు’ అని. రెండవ ప్రశ్నలో పొరపాటుకు అవకాశం మొదటిదానికన్న ఎంతో ఎక్కువ.

మిత్రుని ఫొటోను కెమెరాకు చూపితే ఏమవుతుంది? ఈ సందేహం వచ్చినవారు నలదమయంతుల కథను స్మరించాలి. నన్నయ భారతంలోనూ శ్రీనాథుని శృంగారనైషధంలోనూ ఈ ఘట్టం ఉన్నది. స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపం ధరించి కూర్చున్నారు. దమయంతి ఎదుట అయిదుగురు నలులు! ముఖాలలో భేదం లేదు. దేవతలకు చెమట పట్టదు, పూలదండ వాడదు, పాదం నేలను తాకదు, రెప్ప పడదు. రెప్పపాటు లేదు కనుకనే వారికి అనిమిషులని పేరు. ఆ గుర్తులను బట్టి ఆమె అసలు నలుని పోల్చుకున్నది. నేటి యాప్‌లు ‘ఒకసారి కన్నులు మూసి తెరవండి’, ‘తల ఎడమకు తిప్పండి’ అని అడగడం అచ్చంగా ఈ పరీక్షే. ఫొటో కూడా అనిమిషమే. అయితే దమయంతి ప్రార్థనకు కరిగి దేవతలు తమ చిహ్నాలను తామే వెల్లడించారు. నేటి మోసగాడు అంత దయ చూపడు, రెప్పలార్చే వీడియోను తెచ్చి చూపుతాడు. అందుకే ఏ కదలిక అడగబోతున్నదీ ముందుగా తెలియకుండా యంత్రం ప్రతిసారీ ప్రశ్న మారుస్తుంది.

కరోనా తరువాత ఐటీ సంస్థలలో వారానికి కొన్ని రోజులు ఇంటినుండి, కొన్ని రోజులు కార్యాలయం నుండి పనిచేసే పద్ధతి స్థిరపడింది. కార్డు తాకించి, కాఫీ తాగి, ఇంటికి మరలే అలవాటుకు ‘కాఫీ బ్యాడ్జింగ్’ అని ఆంగ్లంలో ఒక పేరే పుట్టింది. వచ్చాడా అన్న ప్రశ్న చాలక, ఎంతసేపు ఉన్నాడన్న ప్రశ్న వచ్చింది. బీకన్ దానికి సులభంగా జవాబు చెప్పగలదు. కాని భోజనశాలలో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, విశ్రాంతి గదుల నడవలో ఒకటి అతికించారనుకోండి. అప్పుడు నమోదయ్యేది హాజరు కాదు, సంచారం. ఎవరు ఎవరి బల్ల దగ్గర ఎంతసేపు నిలిచారో, ఎవరు ఎన్నిసార్లు లేచి వెళ్ళారో అందులో ఉంటుంది. పరికరం ఒకటే, యాప్ ఒకటే; ఉద్దేశం మారింది. ఆ మార్పు ఉద్యోగికి తెలియకుండానే జరగవచ్చు.

ఈ వ్యవస్థలు సాఫ్ట్‌వేరు సంస్థలకే పరిమితం కాలేదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయులకు యాప్ ద్వారా ముఖ హాజరును ప్రవేశపెట్టినప్పుడు, ప్రభుత్వ పనికి సొంత ఫోను ఎందుకు వాడాలని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. 2025 ఆగస్టులో తెలంగాణలోని ప్రభుత్వ ఉపాధ్యాయులకూ ముఖ హాజరు వచ్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో 2019లోనే ముఖ గుర్తింపును పరీక్షించారు. 2020 జనవరిలో కొంపల్లి పురపాలక ఎన్నికలలో పది పోలింగ్ కేంద్రాలలో ఓటర్ల విషయంలో దానిని ప్రయోగించి చూశారు.

హాజరు పుస్తకం నిష్కల్మషమైనదని ఎవరూ భావించరాదు. దొంగ మస్టర్ల చరిత్ర మనకు చాలా ఉన్నది. రాని కూలీకి హాజరు వేసి ఆ కూలిని మింగినవారు, వచ్చిన కూలీకి వేయక వేధించినవారు ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు. యంత్రం మీద పేదవాడు పెట్టుకున్న ఆశకు కారణం ఇదే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమయింది. 2023 జనవరి నుండి ఆ పథకం పనులలో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలను యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర మంత్రిత్వశాఖే, ఫొటోను ఫొటో తీసి పెడుతున్నారనీ, పనికి సంబంధం లేని చిత్రాలు పెడుతున్నారనీ గుర్తించి రాష్ట్రాలను హెచ్చరించింది. చిత్రాన్ని తీసే యంత్రం ఉన్నది, దానిని చూసే కన్ను లేకపోయింది.

మరల మాదాపూర్ భవనానికి వద్దాం. అందులో రెండు లోకాలు ఉన్నాయి. పదవ అంతస్తులోని ఇంజినీరుకు ఒకనాడు యాప్ పనిచేయకపోతే మానవ వనరుల విభాగానికి ఒక మెయిలు పంపితే సరిపోతుంది. ఆ అంతస్తు నేలను తెల్లవారకముందే తుడిచిన స్త్రీ ఆ సంస్థ ఉద్యోగి కాదు. గుత్తేదారు పంపిన మనిషి. హాజరు పడని రోజు ఆమెకు కూలి లేని రోజు. ఆమె ఫోను పాతది, కెమెరా మసకది, మెట్ల కింద వెలుతురు చాలదు. ముఖ గుర్తింపు అందరినీ సమానంగా గుర్తింపదన్న సంగతి 2018లోనే తేలింది. జాయ్ బువొలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకురాళ్ళు ముఖాన్ని బట్టి స్త్రీపురుష భేదం చెప్పే మూడు వ్యవస్థలను పరీక్షించారు. తెల్లని చర్మం గల పురుషుల విషయంలో పొరపాటు 0.8 శాతం మించలేదు. నల్లని చర్మం గల స్త్రీల విషయంలో 34.7 శాతం వరకు ఉన్నది. తరువాతి వ్యవస్థలు మెరుగుపడ్డాయి. అయినా శిక్షణ చిత్రాలలో ఎవరి ముఖాలు తక్కువగా ఉంటే వారినే యంత్రం తరచు కాదంటుందన్న సూత్రం మారలేదు. కాదన్నప్పుడు ఆమె మాట వినేది ఎవరు? పూర్వం మేస్త్రీ కన్ను ఉండేది; అది అన్యాయం చేసినా కనీసం దానితో వాదింపవచ్చు.

ముఖంతో మరొక చిక్కు ఉన్నది. పాస్‌వర్డ్ దొంగిలింపబడితే మార్చుకోవచ్చు, కార్డు పోతే కొత్తది ఇస్తారు. ముఖానికి సంబంధించిన సంఖ్యల వరుస పరుల చేతిలో పడితే కొత్త ముఖం ఎవరూ ఇవ్వరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2021లో లాక్‌డౌన్ వేళ హైదరాబాద్‌లో పోలీసులు తన మాస్కు తీయించి ఫొటో తీశారంటూ ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టును ఆశ్రయించగా, 2022 జనవరిలో న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. సమాచారాన్ని భద్రపరచవలసిన బాధ్యత ఆ చట్టం సంస్థ మీద పెట్టింది. అయితే ఉద్యోగ సంబంధమైన కొన్ని ప్రయోజనాలకు ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వాడే వీలు కూడా అందులోనే ఉన్నది. ఉద్యోగం కావలసినవాడు ఇచ్చే సమ్మతి ఎంతవరకు సమ్మతి అన్నది వేరే ప్రశ్న.

బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు ఒక స్పష్టమైన జవాబు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం, 38 వ్యాయామ వినోద కేంద్రాలలో రెండువేలమందికి పైగా ఉద్యోగుల హాజరు కోసం ముఖ గుర్తింపును వాడుతున్న సెర్కో లీజర్ అనే సంస్థను ఆ పని మానవలసిందిగా ఆదేశించింది. ఐడీ కార్డుల వంటి సులభమైన మార్గాలు ఉండగా ముఖమే ఎందుకు కావాలో సంస్థ చూపలేకపోయిందని, ఉద్యోగులకు మరొక దారి ఎన్నుకునే వీలు ఇవ్వలేదని ఆ కార్యాలయం భావించింది.

ఈ పాఠం చదువుతున్నవారిలో కొందరు నాలుగైదేళ్ళలో ఆ దారినే ఉద్యోగానికి వెళ్ళవచ్చు. మొదటిరోజున యాప్‌ను ఫోనులో పెట్టుకోమంటారు, ముఖాన్ని మూడు వైపుల నుండి చూపమంటారు. నా ముఖం సంఖ్యల వరుస నా ఫోనులోనే ఉంటుందా, మీ సర్వరులో ఉంటుందా, ఉద్యోగం మానిన తరువాత ఎన్నాళ్ళకు తుడిచివేస్తారు, సాయంత్రం ఇంటికి వెళ్ళిన తరువాత కూడా ఈ యాప్ నా స్థానాన్ని చూస్తుందా, యంత్రం నన్ను కాదంటే ఎవరితో చెప్పుకోవాలి అని అడగడం అవిధేయత కాదు. అడిగే అవకాశం ఇంజినీరుకు ఉన్నంతగా నేల తుడిచే స్త్రీకి లేదు గనుక, అడగగలిగినవారు ఆమె తరఫున కూడా అడగవచ్చు.

అన్నట్లు, ఆ అద్దాల భవనాలలో చాలావాటి ద్వారం దగ్గర కాపలాదారు బల్ల మీద ఇప్పటికీ ఒక గీతల పుస్తకం, దానికి దారంతో కట్టిన ఒక కలం ఉంటాయి. నెట్‌వర్క్ నిలిచిపోయిన రోజున ఇంజినీరు, గుత్తేదారు మనిషి, పై అధికారి అందరూ ఒకే వరుసలో నిలబడి అందులో పేరు, వేళ రాసి సంతకం చేస్తారు.